ఒక్క లేటూ లేని పిల్ల

పోయిన నెలతో నేను బడి పని మానేశాను. ముప్పై రెండేళ్లకే రిటైరయ్యానంటే నవ్వుతారు కానీ, పిల్లల లెక్కలు చూసే పనికి సంబంధించినంత వరకు అది నిజమే. ఇకమీదట చికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఒక ఆసుపత్రి సంస్థకు మంచాల లెక్కలు చూస్తాను. నా కుర్చీలోకి మేఘన అనే అమ్మాయి వచ్చింది. నాలాగే అమెరికాకు మాస్టర్స్ చదవడానికి వచ్చి, నాలాగే బ్యాంకుల్లో ఉద్యోగం దొరక్క బడిలో చేరింది. ఆమెకు ఫైళ్లు, పాస్‌వర్డ్‌లు, నెలవారీ రిపోర్టుల వరస అన్నీ అప్పగించాను. వాటిలో ఎక్కడా లేని సంగతులు కొన్ని మిగిలిపోయాయి. అవి ఆమె కోసం, ఇలాంటి పనిలోకి వచ్చే మరికొందరి కోసం రాసి పెడుతున్నాను.

ఆ పని ఏమిటి

మా స్కూల్ న్యూయార్క్‌కు నది అవతల ఉన్న జెర్సీ సిటీలో, నది ఒడ్డు అపార్ట్‌మెంట్ టవర్లకు నాలుగు వీధుల వెనక ఉంటుంది. చార్టర్ ఎలిమెంటరీ స్కూల్. అంటే ఫీజు లేని ప్రభుత్వ బడే, కాకపోతే నడిపేది సొంత బోర్డు. సీట్లు లాటరీ తీసి ఇస్తారు. కొన్నేళ్లకోసారి రాష్ట్రం నుంచి మనుషులు వచ్చి, బడి సరిగా నడుస్తోందని తృప్తిపడితే లైసెన్స్ పొడిగిస్తారు. వాళ్లు క్లాసుల్లోకి తొంగిచూసే ముందు అంకెలు అడుగుతారు. ఆ అంకెలు తయారుచేయడం నా పని.

అంకెలు రెండు రకాలు. మొదటి రకం, పిల్లలు ఎవరు అన్నది: ఏ జాతి, ఇంట్లో ఏ భాష, ఎవరికి ఉచిత భోజనం, ఎవరికి ప్రత్యేక సాయం కావాలి. రెండో రకం, పిల్లలు ఎలా ఉన్నారు అన్నది: చదవడం ఏ స్థాయిలో ఉంది, లెక్కలు ఎలా చేస్తున్నారు, ఎన్ని రోజులు వస్తున్నారు, ఎన్నిసార్లు లేటుగా వస్తున్నారు. మొదటిది ఏడాదికోసారి స్థిరపడుతుంది. రెండోది రోజూ కదులుతుంది. రెండూ కలిపి చూడటం మొదలుపెట్టాకే ఈ ఉద్యోగం మొదలైనట్టు. అప్పటిదాకా చేసేది టైపింగే.

ఒక హెచ్చరిక. మన తెలుగు పిల్లలు ఆ పట్టికల్లో కనబడరు. జాతి గడిలో ‘ఏషియన్’ అని ఉంటుంది. అందులో చైనా పిల్లలు, ఫిలిప్పీన్స్ పిల్లలు, మనవాళ్లు అందరూ ఒకటే. భాష గడిలోనైనా దొరుకుతారనుకుంటే అక్కడ ‘ఇంగ్లిష్’ అని ఉంటుంది. అడ్మిషన్ల రోజున ఒక తల్లి నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. “అన్నయ్యా, ఇంట్లో ఏం మాట్లాడతారు అన్న దగ్గర ఇంగ్లిష్ అనే రాయండి. తెలుగు అని రాస్తే మా వాణ్ణి ఇంగ్లిష్ రానివాళ్ల క్లాసులో కూర్చోబెడతారంట.” ఈ మాటంతా ఆమె తెలుగులోనే చెప్పింది. పక్కనే ఉన్న కొడుకు కూడా తెలుగులోనే ఆకలేస్తోందని గొణుగుతున్నాడు. అలా రాస్తే వాడికి రావలసిన సాయం రాకుండా పోతుందని చాలాసేపు నచ్చజెప్పాను. కొందరు విన్నారు, ఎక్కువమంది వినలేదు. అందుకే మనవాళ్ల గురించి ఏదైనా తెలుసుకోవాలంటే పట్టిక చాలదు. ఇంటిపేర్లు చదువుకుంటూ పోవాలి.

మిస్ డెల్గాడో నియమం

ప్రిన్సిపాల్ పేరు మిస్ డెల్గాడో. ఆ పదవికి రాకముందు చాలా ఏళ్లు కిండర్‌గార్టెన్ చెప్పింది. చేరిన మొదటి వారంలో నేనొక డ్యాష్‌బోర్డ్ చేసి చూపించాను. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గడులు. యూనివర్సిటీలో ఇలాంటిదానికి చప్పట్లు కొట్టేవాళ్లు. ఆమె ఒక ఎర్ర గడి మీద వేలు పెట్టి, ఇందులో ఎవరున్నారు అంది. నేనొక అంకె చెప్పాను. నేను అడిగింది పేరు అంది.

అప్పట్నుంచి అదే నియమం. ఏ అంకె పట్టుకుని ఆమె గదిలోకి వెళ్లినా, ఆ అంకెలో ఉన్న ఒక్క బిడ్డ పేరైనా చెప్పాలి. చెప్పలేకపోతే తెలుసుకుని రమ్మని పంపేసేది. మొదట్లో ఇది చాదస్తం అనుకున్నాను. ఒక్క పిల్లను చూసి మొత్తం బడి గురించి తేల్చకూడదని స్టాటిస్టిక్స్ మొదటి పాఠంలోనే చెబుతారు. ఆమె తేల్చమనలేదు, తెలుసుకోమంది. ఆ తేడా అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆమెకు ఒక బలహీనత ఉండేది. సర్టిఫికెట్లు. ప్రతి నెలా చివరి శుక్రవారం జిమ్‌లో పిల్లలందర్నీ కూర్చోబెట్టి, ఏదో ఒకదానికి బంగారు రంగు కాగితం ఇవ్వకుండా ఉండలేకపోయేది. ఫ్రంట్ ఆఫీసులో కూర్చునే డెనీస్, తుమ్మి ముక్కు తుడుచుకున్న పిల్లలకు కూడా ఈవిడ ఒకటి ఇస్తుంది చూడు అనేది.

ఒక అక్టోబర్‌లో ‘టైమ్ స్టార్’ మొదలుపెట్టింది. నెలంతా ఒక్కసారి కూడా లేటుగా రాని పిల్లలకు బంగారు కాగితం. పేర్లు తీయమని నాకు చెప్పింది. లేటు కోడ్ సున్నా ఉన్నవాళ్లను తీసే క్వెరీ రాశాను. కాఫీ చల్లారేలోపే అయిపోయింది. మొదటి నెల పేర్లలో సగం పైన మన ఇంటిపేర్లే. మిస్ డెల్గాడో నా భుజం తట్టింది, ఆ పిల్లలందర్నీ నేనే పెంచినట్టు. మనవాళ్లు టైమంటే టైమే అని నేనూ మురిసిపోయాను.

వాన పడితే మాయం

అమెరికా బళ్లలో ఇప్పుడు అందరూ భయపడే అంకె ఒకటుంది. బడి నడిచిన రోజుల్లో పదింట ఒక రోజు, అంతకుమించి రాని పిల్లలు ఎంతమంది అన్నది. అనారోగ్యమైనా, ఊరికి వెళ్లినా, కారణం ఏదైనా సరే, రాని రోజు రాని రోజే. ఆ ఏడాది చలికాలం మొదలయ్యాక మా బడిలో ఆ అంకె ఎక్కుతూ పోయింది. పైగా ఎక్కువగా పెరిగింది ‘ఏషియన్’ వరసలో.

అందరి దగ్గరా ఒకే జవాబు ఉంది. ఇండియా ట్రిప్పులు. డిసెంబర్‌లో వెళ్లి, వీసా స్టాంపింగ్ ఆలస్యమై, జనవరి చివరికి తేలేవాళ్లు మనలో ఉన్న మాట నిజం. దానికి మందు నాకు అప్పుడూ దొరకలేదు, ఇప్పుడూ తెలియదు. కానీ ట్రిప్పులకు వెళ్లిన పిల్లల్ని పక్కన పెట్టి చూసినా అంకె పెద్దగా తగ్గలేదు. మిగిలినవన్నీ విడివిడి రోజులు. ఇక్కడొకటి, అక్కడొకటి. ఆ తేదీల పక్కన ఆ రోజు వాతావరణం రాసి చూశాను. వాన, మంచు, నది మీది నుంచి గాలి కోసేసే రోజులు.

వాన పడితే మిగతా పిల్లలూ ఇబ్బంది పడతారు. కానీ వాళ్ల వరసల్లో ఆ రోజుల్లో లేటు గుర్తులు కుప్పగా పడ్డాయి. మన పిల్లల వరసల్లో లేటు ఒక్కటీ లేదు. వస్తే గంటకు ముందు వచ్చారు, లేదంటే అసలు రాలేదు. మధ్యలో ఏమీ లేదు. మనుషులు ఇలా ప్రవర్తించరు కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో తప్పుందనుకున్నాను. రెండు రోజులు కోడ్ వెతికాను. డెనీస్‌ను అడిగితే, నా లేటు స్లిప్పుల మీద అనుమానమా అని కోప్పడింది.

తర్వాత తల్లిదండ్రుల మీటింగ్ పెట్టి స్లైడ్‌లు చూపించాను. బోలెడన్ని గ్రాఫులు. అందరూ మర్యాదగా తలలూపారు. చివర్లో ప్రశ్నలు అడగమంటే ఒకాయన లేచి, రెండో తరగతిలో కోడింగ్ చెబుతారా అన్నాడు.

మిస్ డెల్గాడో గదికి వెళ్లాను. ఆమె అడగబోయేది తెలుసు కాబట్టి పేరు సిద్ధంగా పెట్టుకున్నాను. సహస్ర. ఒకటో తరగతి.

సహస్ర పుస్తకం చదవడంలో తన క్లాసుకంటే చాలా ముందుంది. లెక్కల్లో ఇంకా ముందు. కానీ రాని రోజులు ఆ పదో వంతు గీత దాటేశాయి. గీత దాటినవాళ్ల పేర్లు జూన్‌లో ప్రమోషన్ కమిటీకి వెళతాయి. అదే తరగతి మళ్లీ చదవమని కమిటీ చెప్పవచ్చు. సాధారణంగా ఇంత చదివే పిల్లను అలా ఆపరు. కానీ క్లాస్ టీచర్ మిస్ హార్పర్ ఆపమనే అంటోంది. ఈ పిల్ల క్లాసులో నోరు విప్పదు, గ్రూపులు వేసిన రోజున ఉండదు, లంచ్‌లో ఒక్కతే కూర్చుంటుంది, ఏడాదంతా ఎవరికీ పరిచయం లేకుండా గడిచిపోయింది, మళ్లీ మొదట్నుంచి మొదలుపెడితే మంచిది అంటుంది. టీచర్‌ది కోపం కాదు, దిగులు. అందుకే ఆమె మాటకు కమిటీలో బరువుంటుంది.

సహస్ర తల్లి శ్రావ్యది మన్‌హాటన్‌లో ఉద్యోగం, పొద్దున్నే రైలెక్కాలి. తండ్రి దూరాన బెంటన్‌విల్‌లో కాంట్రాక్ట్ మీద ఉన్నాడు, వారం విడిచి వారం వస్తాడు. పొద్దున పిల్లను తయారుచేసి బడికి తీసుకొచ్చేది అమ్మమ్మ. దసరా వెళ్లాక జగిత్యాల నుంచి వచ్చింది, ఏప్రిల్ దాకా ఉంటుంది. మీ భాషే కదా, వెళ్లి ఒక టీ తాగి రా అంది మిస్ డెల్గాడో.

ఫ్రిజ్ మీది బంగారు కాగితాలు

శ్రావ్య గారికి ఫోన్ చేసి, ఒక సాయంత్రం వాళ్ల టవర్‌కు వెళ్లాను. ఇరవై ఎనిమిదో అంతస్తు. లిఫ్ట్ కోసం నిలబడ్డప్పుడే ఒక సంగతి తెలిసింది. ఆఫీసు నుంచి వచ్చేవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు, సామాన్ల బండ్లు. సాయంత్రమే ఇలా ఉంటే పొద్దున ఎలా ఉంటుందో!

తలుపు తీసిన ఆమె పేరు విజయ. జిల్లా పరిషత్ హైస్కూల్ ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరయ్యారు. స్వెటర్ మీద చీర కొంగు బిగించుకుని, కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. నా నోట్లోంచి దానంతటదే ‘మేడం’ అన్న మాట వచ్చింది. ఆమె నన్ను కూర్చోబెట్టి ఏ ఊరు, నాన్న ఏం చేస్తారు, పెండ్లయిందా, ఎందుకు కాలేదు అన్నీ అడిగి తెలుసుకున్నారు. టీ ఇచ్చాక, ఇప్పుడు చెప్పు అన్నట్టు చూశారు.

గీత దాటిన సంగతి, కమిటీ సంగతి చెప్పాను. తరగతి ఆపడం అన్న మాట వినగానే ఆమె ముఖం మారింది.

“ఫస్ట్ క్లాస్‌ల ఆపుతరా దీన్ని? బాబూ, పన్నెండు దాకా ఎక్కాలు అప్పజెప్తది. మీ దగ్గర ఇంకా వేళ్ల మీద లెక్కబెట్టుడే గదా.”

“చదువు గురించి కాదు మేడం. రాని రోజుల గురించి.”

“రాకపోతే ఆబ్సెంట్ ఎట్లయితది? ఇంట్ల నా దగ్గరుంటది. నేను టీచర్ని కానా?”

వాన రోజుల్లోనే ఎందుకు రాదని అడిగాను. దాపరికం ఏమీ లేకుండా చెప్పారు. వాన రోజు కోటు, బూట్లు, టోపీ వేయాలి. లిఫ్ట్ దొరకదు. తడి దారిలో మోకాలు నొప్పి, వేగంగా నడవలేరు. బడి వీధి మూలకు వచ్చేసరికే గడియారం చూస్తే తెలిసిపోతుంది. అక్కణ్ణుంచే వెనక్కి.

“టైమైపోయిందని తెలిసినంక ఏ ముఖం పెట్టుకోని పోతం? మా బడిల ప్రార్థన గంట కొట్టినంక గేటు మూసేది. లేటొచ్చినోల్లు బయటనే. ముప్పయేండ్లు ఎందర్ని నిలబెట్టిన్నో. ఇప్పుడు నా మనుమరాలిని లేటుగ తీస్కపోయి నలుగుట్ల నిలబెట్టుమంటవా?”

“ఇక్కడ గేటు మూయరు మేడం. లోపలికి రానిస్తారు.”

“రానిస్తే మర్యాదనా అది? లేటుగ పోవుడు కంటె లీవు పెట్టుడు నయం.”

నేను కోడ్‌లో వెతికిన తప్పు ఇదే. అది సాఫ్ట్‌వేర్‌లో లేదు. గుంటూరులో మా బడి గేటు దగ్గర నేనూ నిలబడ్డవాణ్ణే. ఫస్ట్ అవర్ పోయిందంటే ఇంటికెళ్లి జ్వరం తెచ్చుకున్నవాణ్ణే. ఆ టవర్లలో ఉన్న అమ్మమ్మలు, నానమ్మలే కాదు, లాప్‌టాప్ సంచీ భుజానేసుకున్న నాన్నలు కూడా అలాంటి గేటు దాటి వచ్చినవాళ్లే. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. లేటైందంటే ఇక రోజు అయిపోయినట్టే.

అప్పుడు ఫ్రిజ్ చూశాను. అయస్కాంతాలతో పెట్టిన బంగారు కాగితాలు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్. టైమ్ స్టార్, సహస్ర. కింద మిస్ డెల్గాడో సంతకం.

“ఈ నెల సుత రావాలె. మొన్న ఒక్క నిమిషంల పోతుండె, నేనే వెనక్కి తిప్పిన” అన్నారామె, గర్వంగా.

ఆ పేర్ల క్వెరీలో రాని రోజులు చూడమని ఒక్క షరతు కూడా లేదు. లేటు గుర్తు ఉంటే స్టార్ పోతుంది. అసలు రాకపోతే స్టార్ భద్రం. ఆమె సరిగ్గా మా బడి చెప్పిన పనే చేస్తున్నారు.

సహస్ర సోఫా వెనక నుంచి చాలాసేపుగా నన్ను చూస్తోంది. ఏదో ఒకటి మాట్లాడాలని, క్లాసులో నీ ఫ్రెండ్ ఎవరమ్మా అన్నాను. ఆ పిల్ల ఆలోచించింది. తలుపు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది.

“మై ఫ్రెండ్... అమ్మమ్మ” అంది.

“క్లాస్‌ల బిడ్డా. పక్కన ఎవరు కూసుంటరు?” అన్నారు విజయ మేడం.

“ఐ డోంట్ నో ద నేమ్, అమ్మమ్మ. షి ఛేంజ్ అయిపోయింది.”

ఇద్దరు ముగ్గురి పేర్లయినా చెబుతుందని ఆమె కాసేపు ఎదురుచూశారు. ఆ పిల్ల సోఫా వెనక తల దించేసుకుంది. ఆమె నా కప్పు తీసుకుని సింక్ దగ్గరికి వెళ్లి, అప్పటికే కడిగేసి ఉన్న గిన్నెలు మళ్లీ కడిగారు. కాసేపటికి వెనక్కి తిరగకుండానే అడిగారు. “లేటొస్తే ఏమంటరు? నిజం చెప్పు.”

“ఏమీ అనరు. ఒక స్లిప్పు ఇస్తారు.”

“నువ్వుంటవా ఆడ?”

“ఉంటాను మేడం.”

తలుపు దగ్గర

టైమ్ స్టార్ ఆపేయమని చెబితే మిస్ డెల్గాడో ఒప్పుకోలేదు. పిల్లలకు ఇష్టం, తల్లిదండ్రులు ఫోటోలు పెట్టుకుంటున్నారు, రాని రోజుల షరతు కూడా కలిపితే సరిపోతుంది అంది. అలా కలిపితే పొద్దున దగ్గుతున్న పిల్లల్ని కూడా పంపిస్తారని నేను. ఇద్దరం గట్టిగానే మాట్లాడుకున్నాం. మంచి బాస్‌లు తమ తప్పులన్నీ వెంటనే ఒప్పుకుంటారని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆమె ఒప్పుకోవడానికి ఒక మంచువాన కావలసి వచ్చింది.

ఆ పొద్దున రోడ్లు గాజులా ఉన్నాయి. గంట కొట్టి చాలాసేపైంది. డెనీస్ నాకు ఫోన్ చేసి, కెమెరాలో ఇద్దరు కనబడుతున్నారు, లాక్ తీశాను, అయినా లోపలికి రావట్లేదు, నువ్వొకసారి దిగిరా అంది. దిగి వచ్చేసరికి మిస్ డెల్గాడో కూడా ఫ్రంట్ ఆఫీసులోనే ఉంది, బస్సుల సంగతి చూస్తోంది.

తలుపు బయట, చూరు కింద, విజయ మేడం నిలబడి ఉన్నారు. చీర మీద అల్లుడి పొడుగాటి కోటు. పక్కన సహస్ర, చేతులు కట్టుకుని. బెల్ కొట్టలేదు. లేటుగా వచ్చినవాళ్లు నిలబడాల్సిన చోట నిలబడ్డారు, ఎవరో వచ్చి అడిగేదాకా.

నేను తలుపు తీసేలోపే డెనీస్ నన్ను దాటుకుని బయటికి వెళ్లింది, ఉత్త స్వెటర్‌తో. మేడం నిటారుగా నిలబడి, బహుశా దారి పొడుగునా కూర్చుకున్న వాక్యం చెప్పారు.

“మేడం, లేట్ ఈజ్ మై మిస్టేక్. ప్లీజ్ పనిష్ మీ. నాట్ ద చైల్డ్.”

డెనీస్ నా వైపు చూసింది. ఏమంటోంది ఈవిడ, ఎవరు ఎవర్ని శిక్షిస్తారు అంది. తర్వాత వంగి సహస్ర టోపీ మీది మంచు దులిపి, అమ్మయ్య వచ్చావా, నీ కోసమే బ్రేక్‌ఫాస్ట్ తీసిపెట్టాను, మీ క్లాసులో సగం మంది ఇంకా దారిలోనే ఉన్నారు, పద పద అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. స్లిప్పు రాసింది. పచ్చ కాగితం ముక్క. సహస్ర దాన్ని చూసి అమ్మమ్మ వైపు చూసింది.

“పో బిడ్డా. పేర్లు అడుగు” అన్నారు మేడం.

పిల్ల వెళ్లిపోయాక ఆమె అక్కడి కుర్చీలో కూర్చున్నారు. ఇంతేనా అని నన్నడిగారు. ఇంతే అన్నాను. ఆమె తల ఆడించారు, సంతోషంతో కాదు. కాసేపు తలుపు వైపే చూసి, “మా గేటు కాడ నిలబడ్డోల్లల్ల కొందరు మల్ల రానే లేదు బాబూ. నేను వాల్లకు చదువు మీద ఇష్టం లేదనుకున్న” అన్నారు.

మిస్ డెల్గాడో ఇదంతా చూసింది. మేడం తెలుగులో అన్న మాటలు నాతో ఇంగ్లిష్‌లో చెప్పించుకుంది. ఆ నెల చివరి శుక్రవారం టైమ్ స్టార్ లేదు. మంచువాన రోజున వచ్చిన పిల్లలందరికీ, ఎప్పుడొచ్చారన్నది చూడకుండా, బంగారు కాగితాలు పంచింది. కాగితాలు మానేయమనడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు.

స్లైడ్‌లు, లాబీ

నా గ్రాఫులు చేయలేని పని ఆ టవర్ లాబీలో వారం రోజుల్లో జరిగిపోయింది. అక్కడ మధ్యాహ్నం పూట మన పెద్దవాళ్లు సోఫాల్లో కూర్చుని మాట్లాడుకుంటారు. విజయ మేడం వాళ్లకు చెప్పారట. లేటైనా తీస్కపోండి, ఏమనరు, పైగ తిండి పెడుతున్నరు అని. హెడ్‌మిస్ట్రెస్ చెప్పాక ఎవరు కాదంటారు? ఫిబ్రవరిలో మన ఇంటిపేర్ల వరసల్లో మొదటిసారి లేటు గుర్తులు పడటం మొదలైంది. మార్చిలో ఇంకా పెరిగాయి. రాని రోజులు తగ్గాయి. రెండు గీతలూ ఒక గ్రాఫులో వేసి మిస్ డెల్గాడోకి ఇచ్చాను. లేట్లు పెరిగాయని బడి పండగ చేసుకోవడం ఇదే మొదటిసారి అంది డెనీస్.

దీని నుంచి నేను నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఏ అంకెకైనా బహుమతి పెట్టే ముందు, ఆ బహుమతి కోసం జనం ఏ తలుపు మూసేస్తారో ఆలోచించుకోవాలి. మరీ అందంగా ఉన్న సున్నా కనబడితే ముందు దాన్నే అనుమానించాలి.

జూన్‌లో కమిటీ కూర్చుంది. చలికాలంలో పోయిన రోజులు తిరిగి రావు కాబట్టి సహస్ర గీతకు అవతలే ఉంది. అప్పటికి అమ్మమ్మ ఊరికి వెళ్లిపోయారు. శ్రావ్య గారు ఆఫీసుకు ఒక గంట ఆలస్యంగా వెళ్లేలా అడిగి సర్దుకున్నారు. నేను ఫిబ్రవరి ముందు, తర్వాత అని రెండు భాగాలు చేసి పట్టిక ఇచ్చాను. మిస్ హార్పర్ దాన్ని పక్కన పెట్టేసింది. ఇప్పుడు ఆ పిల్ల అందరూ గుండ్రంగా కూర్చుని కబుర్లు చెప్పుకునే సర్కిల్ టైమ్‌లో మాట్లాడితే ఆపడం కష్టంగా ఉంది, లంచ్‌లో ముగ్గురు కలిసి కూర్చుంటున్నారు, మిగతా ఇద్దరికీ ఎక్కాలు నేర్పుతోంది, రెండో తరగతికి పంపించండి అంది. ఆ గదిలో అందరికీ అది చాలింది.

చివరి వారం

ఇక మేఘన సంగతి. అక్టోబర్ చివర్లో ఆమె నా పక్కన కూర్చుని హాజరు పట్టిక చూడటం నేర్చుకుంటోంది. చురుకైన పిల్ల. నేను చెప్పకముందే వరసలు వడపోసి, ఎవరి నమూనా హఠాత్తుగా మారిందో వెతికింది.

“అన్నా, ఇది చూడండి. సహస్ర అని సెకండ్ గ్రేడ్. సెప్టెంబర్ అంతా క్లీన్‌గా ఉంది. పోయిన వారం వాన పడ్డప్పట్నుంచి లేట్ మీద లేట్. ఇంట్లో ఏమైనా ప్రాబ్లమా? పేరెంట్స్‌కి లెటర్ పంపిద్దామా?”

వరస చూశాను. వాన పడిన రోజు లేటు. గాలి వీచిన రోజు లేటు. నిన్న లేటు. రాని రోజు ఒక్కటీ లేదు.

“లెటర్ వద్దు. ఏం ప్రాబ్లం లేదు” అన్నాను.

“మరి ఇన్ని లేట్‌లు?”

“వాళ్ల అమ్మమ్మ వచ్చారు.”